బొల్లి, పేనుకొరుకుడు: చికిత్స, పరిశోధనలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంటి మీద తెల్లమచ్చ కనిపించినా, తల దువ్వుకుంటున్నప్పుడు నున్నటి ఖాళీ చేతికి తగిలినా ఇంట్లో ముందు భయం మొదలవుతుంది. ఆ వెంటనే సలహాలు మొదలవుతాయి. పక్కింటివాళ్లు ఒక పసరు చెబుతారు, మేనత్త ఒక పథ్యం చెబుతుంది, మెడికల్ షాపులో ఒక ట్యూబు చేతిలో పెడతారు. చర్మవ్యాధుల ఓపీకి చేరేసరికి చాలామందికి ఏడాదో రెండేళ్లో గడిచిపోయి ఉంటాయి. అక్కడ మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలను, వాటికి ఈనాటి పరిశోధన ఇచ్చే జవాబులను ఇక్కడ రాస్తున్నాను. అంకెలు కాస్త ఎక్కువగానే కనిపిస్తాయి. ‘తగ్గుతుంది’ అని ఎవరైనా అన్నప్పుడు నూటికి ఎందరికి, ఎన్ని నెలల్లో, ఎంత మేరకు అని ఎదురు అడగాలంటే ఆ అంకెలు తెలిసి ఉండాలి.

బొల్లి చర్మానికి వచ్చేది, పేనుకొరుకుడు జుట్టుకు వచ్చేది. రెంటినీ ఒకచోట ఎందుకు చెబుతున్నారు?

లోపల జరిగేది దాదాపు ఒకటే కాబట్టి. రోగాల నుంచి మనల్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ దారితప్పి సొంత కణాల మీదికే వెళుతుంది. బొల్లిలో దాడికి గురయ్యేవి మెలనోసైట్లు, అంటే చర్మానికి రంగునిచ్చే కణాలు. పేనుకొరుకుడులో దాడి వెంట్రుక కుదురు మీద. రెంటిలోనూ ముందుండేవి సీడీ8 టి-కణాలనే తెల్ల రక్తకణాలు. ఇవి గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి. దాన్ని అందుకున్న చర్మకణాలు తమ వంతుగా మరికొన్ని రసాయనాలు వదిలి, ఇంకా ఎక్కువ టి-కణాలను అక్కడికి రప్పిస్తాయి. అలా ఒకసారి మొదలైన దాడి దానంతట అదే పెరుగుతూ పోతుంది.

ఈ సంకేతం కణం లోపలికి చేరాలంటే జానస్ కైనేజ్ అనే ఎంజైముల గుండా వెళ్లాలి. వాటినే క్లుప్తంగా జాక్ అంటారు. వాటిని అడ్డుకునే మందులు మొదట కీళ్లవాతానికీ, ఒక రకం రక్తవ్యాధికీ వచ్చాయి. ఇప్పుడు అదే కుటుంబం మందులు బొల్లికీ, పేనుకొరుకుడుకూ పనికొస్తున్నాయి. థైరాయిడ్ మీద ఇలాగే జరిగే దాడి కూడా ఈ రెండు జబ్బులున్న వారిలో మామూలు కంటే ఎక్కువ. డాక్టరు చర్మం చూసి థైరాయిడ్ రక్తపరీక్ష రాస్తే అందుకు కారణం ఇదే.

బొల్లి అంటుకుంటుందా? కుష్ఠుతో సంబంధం ఉందా?

అంటుకోదు. కుష్ఠుతో సంబంధం లేదు. ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, ఒకే సబ్బు వాడితే రాదు, దాంపత్యం వల్ల రాదు. బొల్లిలో ఏ క్రిమీ ఉండదు.

కుష్ఠు ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుంది, అదీ మందులతో పూర్తిగా నయమవుతుంది. కుష్ఠు మచ్చ సాధారణంగా పాలతెలుపుగా ఉండదు. చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త పాలిపోయినట్టో, ఎర్రగానో ఉండి అక్కడ స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చ మీద దూదిపోగు ఆనించినా తెలుస్తుంది. ‘తెల్లకుష్ఠు’ అన్న పాత పిలుపు వల్ల బొల్లి ఉన్న ఆడపిల్లలు ఎంత నష్టపోయారో చెప్పడం కష్టం. విడాకులకు కారణాల జాబితా నుంచి కుష్ఠునే మన చట్టం 2019లో తొలగించింది. అలాంటప్పుడు బొల్లిని సాకుగా చూపి సంబంధం తప్పించుకునేవారికి వైద్యశాస్త్రంలో ఏ ఆధారమూ దొరకదు.

తెల్లగా ఉన్న ప్రతి మచ్చా బొల్లేనా?

కాదు. పిల్లల చెంపల మీద పొడిబారి, సన్నటి పొట్టుతో పాలిపోయినట్టు కనిపించే మచ్చలు చాలావరకు పిట్రియాసిస్ ఆల్బా. మాయిశ్చరైజరు రాస్తూ ఉంటే మెల్లగా పోతాయి. ఛాతీ, వీపు, మెడ మీద చిన్నచిన్న మచ్చలుగా వచ్చి గోకితే పొట్టు రాలేది శోభి. అది ఒక శిలీంధ్రం వల్ల వస్తుంది, దానికి వేరే మందులున్నాయి. పుట్టుకతోనే ఉండి, పిల్లవాడితో పాటే పెరుగుతూ ఆకారం మారని మచ్చ మరొకటి.

తేడా తేల్చడానికి డాక్టరు వుడ్స్ ల్యాంప్ వాడతారు. గది తలుపు మూసి, లైట్లు ఆర్పి, ఊదారంగు కాంతినిచ్చే ఆ చిన్న దీపాన్ని చర్మం దగ్గరగా పట్టుకుంటారు. బొల్లి మచ్చ ఉంటే అంచు గీసినట్టు స్పష్టంగా, నీలితెలుపు కాంతితో వెలుగుతుంది. మామూలు వెలుతురులో మూడు మచ్చలే కనిపించిన చేతి మీద ఆ దీపం కింద ఇంకొన్ని బయటపడడమూ ఉంది. ముఖ్యంగా తెల్లని మేనిఛాయ ఉన్నవారిలో ఈ పరీక్ష లేకుండా మచ్చల విస్తీర్ణం అంచనా వేయడం కష్టం. నొప్పి ఉండదు, రక్తం తీయరు, రెండు నిమిషాల పని. ఈ దీపం లేకుండా ఫోనులో ఫొటో చూసి ‘ఇది బొల్లే’ అని తేల్చి ఆరు నెలల మందుల ప్యాకేజీ పంపేవారిని నమ్మవద్దు.

స్టిక్కరు బొట్టు పెట్టుకునే చోటే తెల్లబడింది. ఇది బొల్లా?

రసాయనాల వల్ల వచ్చిన తెల్లమచ్చ కావచ్చు. కొన్ని స్టిక్కరు బొట్ల జిగురులోనూ, చెప్పుల రబ్బరులోనూ ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ వంటి పదార్థాలు మెలనోసైట్లను చంపగలవు. ఇలాంటి సంగతి మొదట బయటపడింది 1939లో, అమెరికాలోని ఒక తోళ్ల పరిశ్రమలో. రబ్బరు చేతితొడుగులు వేసుకున్న కార్మికుల చేతులు సరిగ్గా తొడుగు ఉన్నంత మేరా తెల్లబడ్డాయి. ఆ రబ్బరులో కలిపిన మోనోబెంజోన్ అనే రసాయనమే కారణమని తేలింది. ఒంట్లో చాలా భాగం తెల్లబడిపోయి, రంగు తిరిగి వచ్చే ఆశ లేనివారికి మిగిలిన కొద్ది రంగునూ తీసేసి ఒంటిఛాయ ఒకేలా చేయడానికి ఆ తరువాత ఆ రసాయనాన్నే మందుగా వాడారు. 2013లో జపాన్‌లో రోడోడెండ్రాల్ అనే పదార్థం కలిపిన, చర్మాన్ని తెల్లగా చేస్తాయన్న క్రీముల వల్ల వేలమందికి ఇలాంటి మచ్చలే వచ్చాయి. వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

చేయవలసిందల్లా స్టిక్కరు వెంటనే మానేయడం, డాక్టరుకు చూపించడం. తొందరగా మానేసిన కొందరిలో రంగు తిరిగి వస్తుంది. ఇంకొందరిలో మాత్రం స్టిక్కరు తగలని చోట కూడా మచ్చలు మొదలవుతాయి. అప్పుడు దాన్ని బొల్లిగానే చూసి చికిత్స చేయాలి.

నడుము దగ్గర లంగా బొందు కట్టే చోటే మచ్చలు ఎందుకు వరుసగా వచ్చాయి?

బొల్లి చురుగ్గా ఉన్న రోజుల్లో చర్మానికి దెబ్బ తగిలినా, గీసుకున్నా, రోజూ ఒకేచోట ఒరుసుకున్నా అక్కడ కొత్త మచ్చ రావచ్చు. దీన్ని కోబ్నర్ లక్షణం అంటారు. లంగా బొందు, బిగుతైన బెల్టు, చెప్పు పట్టీ, ముక్కు మీద కళ్లజోడు ఆనే చోటు, స్నానంలో పీచు పెట్టి గట్టిగా రుద్దే మోచేతులు: మచ్చలు తరచూ ఇక్కడే కనిపిస్తాయి. బొందుకు బదులు వెడల్పాటి మెత్తని ఎలాస్టిక్, మెత్తని పట్టీల చెప్పులు, పీచు లేని స్నానం. మందుల్లాగే ఇవీ చికిత్సలో భాగమే. మచ్చ మీద పసరు రాసి బొబ్బలెక్కించే నాటువైద్యం ఎందుకు ప్రమాదమో కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ పుండు మానాక మచ్చ పెద్దది కావచ్చు.

పులుపు మానాలా? చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందా?

రాదు. పులుపు మానితే తగ్గదు. నిమ్మకాయ, చింతపండు, వంకాయ, చేప ఏదీ మానక్కర్లేదు. ఎదిగే పిల్లలకు ఈ పేరుతో పాలు, గుడ్లు, పండ్లు మాన్పించడం నిజంగా హాని చేస్తుంది.

మా అమ్మాయికి బొల్లి ఉంది. పెళ్లయ్యాక పుట్టే పిల్లలకూ వస్తుందా?

పెళ్లిచూపుల ముందు తల్లులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. సూటిగా జవాబు చెప్పాలి. జన్యువుల పాత్ర ఉంది. బొల్లితో ముడిపడిన జన్యుస్థానాలను యాభైకి పైగా గుర్తించారు. దగ్గరి రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం సుమారు నూటికి ఆరేడు. అంటే తొంభై మందికి పైగా రాదు. ఇంకా బలమైన ఆధారం కవలల అధ్యయనంలో దొరికింది. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో ఒకరికి బొల్లి ఉంటే రెండోవారికి కూడా ఉన్నది నూటికి 23 జంటల్లోనే. జన్యువులే అంతా నిర్ణయించేటట్టయితే ఆ అంకె నూటికి దగ్గరగా ఉండాలి. అమ్మాయి చదువు, ఉద్యోగం, కాన్పు, పాలివ్వడం వేటికీ బొల్లి అడ్డు కాదు.

బొల్లికి ఏ చికిత్స ఎంత పనిచేస్తుంది?

ముందు మచ్చలు ఏ రకమో చూడాలి. ఒంటికి రెండు పక్కలా, రెండు చేతులకూ రెండు కాళ్లకూ వచ్చేది ఎక్కువమందిలో కనిపించే రకం. ఒకే పక్కన ఒక పట్టీలా వచ్చేది సెగ్మెంటల్ రకం. ఇది చిన్నవయసులో మొదలై కొద్దికాలం వేగంగా పాకి ఆగిపోతుంది, ఆ చోట వెంట్రుకలు కూడా తొందరగా తెల్లబడతాయి. రెండోరకానికి పూతమందుల కంటే శస్త్రచికిత్స బాగా పనిచేస్తుంది. ఈ తేడా చెప్పకుండా ‘బొల్లికి మందు’ అని ఏది ఇచ్చినా అది గుడ్డి వైద్యమే.

పూతమందుల్లో మొదటివి స్టెరాయిడ్ క్రీములు. సరైనది, సరైన చోట, డాక్టరు చెప్పినన్ని వారాలు వాడితే మంచి మందులివి. ముఖం మీద, కనురెప్పల మీద నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలతాయి. అందుకే అలాంటి చోట్ల స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ లేపనం ఇస్తారు.

కాంతిచికిత్సలో ఇప్పుడు ప్రధానమైనది 311 నానోమీటర్ల నేరోబ్యాండ్ యూవీబీ, అంటే ఒక రకం అతినీలలోహిత కాంతి. దీన్ని బొల్లికి వాడి 1997లో మొదట ఫలితాలు ప్రకటించినవారు ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు. వారానికి రెండు మూడుసార్లు యంత్రం ముందు నిలబడాలి. రంగు ముందుగా వెంట్రుక కుదుళ్ల చుట్టూ చిన్న గోధుమరంగు చుక్కలుగా కనిపించి, ఆ చుక్కలు పెరిగి కలిసిపోతాయి. కుదురు లోపల దాగిన మూలకణాల నుంచి కొత్త మెలనోసైట్లు పైకి రావడమే దీనికి కారణం. వెంట్రుకలే ఉండని వేళ్ల కొనలు, పెదవులు, అరచేతుల్లో రంగు ఎందుకు రాదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. ముఖం, మెడ బాగా స్పందిస్తాయి. చేతులు, పాదాలు మొండికేస్తాయి. పది సిట్టింగులకే మానేసి ‘లైటు పనిచేయలేదు’ అనేవారు చాలామంది. కనీసం ఆరు నెలలు చూడకుండా ఆ మాట అనకూడదు.

బ్రిటన్‌లో 517 మందితో జరిగి 2021లో వెలువడిన హై-లైట్ పరీక్ష నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. అందులో ‘మచ్చ ముందుకంటే బాగా తక్కువగా కనిపిస్తోందా?’ అన్న ప్రశ్నకు రోగుల జవాబునే గెలుపుకు కొలమానంగా తీసుకున్నారు. తొమ్మిది నెలల తరువాత అలా చెప్పినవారు స్టెరాయిడ్ క్రీము ఒక్కటే వాడినవారిలో 17 శాతం, ఇంట్లో చేతిలో పట్టుకునే యూవీబీ పరికరం ఒక్కటే వాడినవారిలో 22 శాతం, రెండూ వాడినవారిలో 27 శాతం. అంకెలు చిన్నవే. కానీ నిజమైనవి. నూటికి నూరు అని చెప్పే ప్రకటన పక్కన ఈ 27ను పెట్టి చూడండి.

మచ్చలు వారం వారం పాకుతుంటే ముందు వాటిని ఆపాలి. వారంలో వరుసగా రెండు రోజులు మాత్రమే బీటామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలిచ్చే పద్ధతి మన ఢిల్లీ ఎయిమ్స్ నుంచే వచ్చింది. జె.ఎస్. పస్రీచా, బి.కె. ఖైతాన్ 1993లో దాని ఫలితాలు ప్రచురించారు. ఈనాటికీ దేశమంతటా వాడుతున్నారు. ఇది కూడా డాక్టరు కనుసన్నల్లో కొన్ని నెలలకే పరిమితం.

కనీసం ఏడాదిగా కొత్త మచ్చ రాకుండా, ఉన్నది పెరగకుండా ఉంటే శస్త్రచికిత్స గురించి ఆలోచించవచ్చు. తొడ నుంచి పలచటి చర్మపు పొర తీసి, ఎంజైముతో కణాలుగా విడదీసి, ఆ ద్రావణాన్ని పైపొర తీసిన మచ్చ మీద పరుస్తారు. చిన్న ముక్కతో దానికి చాలా రెట్లు పెద్ద మచ్చను కప్పవచ్చు. మన దేశంలో ఈ పద్ధతిలో మంచి నైపుణ్యం ఉంది.

ఇక కొత్తది రుక్సోలిటినిబ్ క్రీము, పైన చెప్పిన జాక్ మందుల్లో ఒకటి. పన్నెండేళ్లు దాటినవారిలో, సెగ్మెంటల్ కాని బొల్లికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 జులైలో దీన్ని అనుమతించింది. రంగు తిరిగి రప్పించడానికని అక్కడ అనుమతి పొందిన తొలి మందు ఇదే. పరీక్షల్లో 24 వారాలకు ముఖం మీద మూడొంతుల రంగు, అంటే 75 శాతం, తిరిగి వచ్చినవారు సుమారు 30 శాతం. మందులేని క్రీము రాసినవారిలో పది శాతం అటూ ఇటూ. ఏడాది వాడితే ఆ 30 కాస్తా సుమారు 50 అయింది. ఓపిక ఎంత అవసరమో ఈ ఒక్క అంకెతో తెలిసిపోతుంది.

రంగు వచ్చిన చోటే మళ్లీ ఎందుకు పోతోంది?

దాడి ఆగినా దాడి చేసిన కణాలు కొన్ని ఆ చర్మంలోనే ఉండిపోతాయి. వాటిని స్థిరవాస జ్ఞాపక టి-కణాలు అనవచ్చు. మందు ఆపగానే అవి మళ్లీ పని మొదలుపెడతాయి. మచ్చ పాతచోటే తిరిగి రావడం డాక్టరు తప్పో, రోగి పథ్యం తప్పడమో కాదు. వీటిని బతికించి ఉంచే ఇంటర్‌ల్యూకిన్-15 అనే సంకేతాన్ని అడ్డుకుంటే మచ్చలు తిరిగి రాకుండా చేయవచ్చా అన్నది ఇప్పటి పరిశోధనల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న ప్రశ్న. ఎలుకల్లో ఫలితాలు ఆశ కలిగించాయి, మనుషుల్లో పరీక్షలు మొదలయ్యాయి. అంతవరకు, రంగు వచ్చాక కూడా వారానికి రెండుసార్లు టాక్రోలిమస్ రాస్తూ ఉండడం మంచి పద్ధతి.

బావంచాలు పనిచేస్తాయా?

బావంచాల గింజల్లో సోరలెన్లు అనే పదార్థాలు ఉన్నాయి. సోరలెన్ పడిన చర్మానికి ఎండ తగిలితే రంగు వస్తుందన్నది నిజం. ఈజిప్టులో ఇలాగే వాడే మరో మొక్క నుంచి మందును వేరుచేసి అబ్దెల్ మోనెమ్ ఎల్ మోఫ్తీ 1948లో ఆధునిక చికిత్సగా నిలబెట్టారు. సోరలెన్ ఇచ్చి అతినీలలోహిత కాంతి పట్టే పువా చికిత్స అలా పుట్టింది. మన పాత వైద్యులు గమనించినదాంట్లో సత్యం ఉంది. అయితే గింజలు నూరి రాసి ఎండలో కూర్చుంటే ఎంత మందు పడిందో, ఎంత ఎండ తగిలిందో కొలత ఉండదు. ఫలితం తరచుగా కాలిన బొబ్బలే. కొలిచి ఇవ్వగల యూవీబీ వచ్చాక ఈ ప్రమాదం తెచ్చుకోవడం అనవసరం.

పేనుకొరుకుడులో నిజంగా పేనో పురుగో కొరుకుతుందా?

లేదు. రాత్రి నిద్రలో ఏదో కొరికిందనుకుని దిండు గలీబులు కాల్చేసినవారూ ఉన్నారు. అక్కడ ఏ పురుగూ ఉండదు. డెర్మోస్కోపు అనే చిన్న భూతద్దం కింద చూస్తే ఖాళీ అంచున పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి, కొన లావుగా, మొదలు సన్నగా, అచ్చం ఆశ్చర్యార్థకం గుర్తులా. కుదురు దగ్గర దాడి జరగడం వల్ల వెంట్రుక మొదట్లోనే సన్నబడి విరిగిందన్నమాట. చర్మపు ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే కుదురు చుట్టూ తెల్లకణాలు తేనెటీగల్లా ముసురుకుని ఉంటాయి. కుదురు మాత్రం చావదు. అందుకే ఏళ్ల తరువాత కూడా జుట్టు తిరిగి వచ్చే అవకాశం మిగిలి ఉంటుంది.

అది దానంతట అదే తగ్గుతుందంటారు. నిజమేనా?

ఒకటి రెండు చిన్న ఖాళీలైతే నిజమే. ఏడాదిలోపు చాలామందికి చికిత్స లేకుండానే జుట్టు వస్తుంది. మొదట తెల్లగా మొలిచి తరువాత నల్లబడడమూ మామూలే. ఖాళీలు ఎక్కువైనా, చెవుల వెనక నుంచి మెడ మీదుగా పట్టీలా వచ్చినా, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు ఉన్నా, చిన్నపిల్లల్లో వచ్చినా మొండికెత్తే అవకాశం ఎక్కువ. పెద్దవారిలో చిన్న ఖాళీలకు ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లను నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి ఖాళీలోనే వేస్తారు. ఎక్కువ మోతాదు పడితే చర్మం కాస్త గుంట పడవచ్చు.

దానంతట అదే తగ్గే గుణం ఉన్న జబ్బుకు ఏ చిట్కా వాడినా పేరొస్తుంది. ఉల్లిపాయ రసం సంగతి చూడండి. బాగ్దాద్‌లో 38 మందితో చేసిన చిన్న పరీక్ష 2002లో వెలువడింది. రసం రాసిన 23 మందిలో 20 మందికి ఆరు వారాల్లో జుట్టు మొలిచింది, కుళాయి నీళ్లు రాసిన 15 మందిలో ఇద్దరికి. వినడానికి గొప్పగా ఉంది. కానీ ఉల్లిరసమో నీళ్లో వాసనకే తెలిసిపోతుంది కనుక ఎవరికి ఏది ఇచ్చారో దాచడం కుదరదు, సంఖ్య మరీ చిన్నది. దీన్ని నమ్మి తలంతా జుట్టు పోయినవారు ఆరు నెలలు ఉల్లిపాయలు రుద్దడం సరికాదు. గురివింద గింజ అరగదీసి రాయడం మాత్రం అసలే వద్దు. అందులోని అబ్రిన్ భయంకరమైన విషం, గీరిన చర్మం గుండా ఒంట్లోకి పోవచ్చు, ఆ గింజలు ఇంట్లో పసిపిల్లల చేతికి చిక్కితే ప్రాణాపాయం.

తలంతా జుట్టు పోయినవారికి కొత్త మాత్రలు వచ్చాయట. అవి ఎలా వచ్చాయి?

కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు ఏంజెలా క్రిస్టియానోకు స్వయంగా పేనుకొరుకుడు ఉంది. వెయ్యిమందికి పైగా రోగుల జన్యువులను పరిశీలించిన ఆమె బృందం 2010లో ఒక ఆధారం పట్టుకుంది: కొన్ని టి-కణాలను రమ్మని పిలిచే ‘ప్రమాద సంకేతాలు’ కుదుళ్ల దగ్గర మితిమీరి ఉన్నాయి. 2014లో అదే బృందం జాక్ మందులతో ఎలుకల్లో జబ్బును వెనక్కి తిప్పింది, రుక్సోలిటినిబ్ మాత్రలు వేసుకున్న ముగ్గురు రోగులకు ఐదు నెలల్లోపు జుట్టు దాదాపు పూర్తిగా వచ్చింది. అదే ఏడాది యేల్ విశ్వవిద్యాలయంలో ఒంటిమీద ఒక్క వెంట్రుకైనా లేని పాతికేళ్ల యువకుడికి సోరియాసిస్ కూడా ఉండడంతో టోఫాసిటినిబ్ అనే మరో జాక్ మందు ఇచ్చి చూశారు. ఎనిమిది నెలల్లో తలంతా జుట్టు నిండింది.

ముగ్గురు, ఒక్కరు అంటే వార్తే తప్ప రుజువు కాదు. రుజువు 2022లో దొరికింది. తలమీద సగం, అంతకంటే ఎక్కువ జుట్టు పోయిన 1,200 మందితో రెండు పరీక్షలు జరిగాయి. 36 వారాల తరువాత తలలో ఎనభై శాతమైనా జుట్టు నిండినవారు, బారిసిటినిబ్ అనే జాక్ మాత్ర 4 మి.గ్రా. తీసుకున్నవారిలో ఒక పరీక్షలో 38.8 శాతం, రెండోదాంట్లో 35.9 శాతం. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 6.2, 3.3 శాతం. ఆ ఏడాది జూన్‌లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. అదే తరగతిలో 2023లో పన్నెండేళ్లు దాటినవారికి రిట్లెసిటినిబ్, 2024లో డ్యూరుక్సోలిటినిబ్ వచ్చాయి. బారిసిటినిబ్, టోఫాసిటినిబ్ మన దేశంలోనూ దొరుకుతున్నాయి.

పదిమందిలో ఆరుగురికి ఆ గడువులో ఆశించినంత రాలేదన్నది కూడా ఆ అంకెల్లోనే ఉంది. మందు ఆపిన చాలామందికి జుట్టు మళ్లీ రాలుతుంది. ఎన్నేళ్లు వాడాలన్న ప్రశ్నను మొదటిరోజే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

జాక్ మాత్రలు ప్రమాదమా?

జాగ్రత్తగా వాడవలసిన మందులు. కీళ్లవాతం ఉండి, యాభై ఏళ్లు దాటి, గుండెజబ్బు ముప్పు ఉన్నవారిలో టోఫాసిటినిబ్‌ను పరీక్షించినప్పుడు గుండెపోటు, క్యాన్సర్ పోలిక మందు కంటే ఎక్కువగా కనిపించాయి. అందుకే ఈ తరగతి మాత్రలన్నిటి మీదా గట్టి హెచ్చరిక ముద్రిస్తున్నారు. పాతికేళ్ల ఆరోగ్యవంతుడికి ముప్పు అంతే ఉంటుందని చెప్పలేం, అలాగని లేదనీ అనుకోకూడదు. పొగతాగే అలవాటు, కుటుంబంలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే దాచకుండా చెప్పాలి. గర్భవతులు వాడకూడదు.

మనకు అన్నిటికంటే ముఖ్యమైనది క్షయ. ఒంట్లో నిద్రాణంగా ఉన్న టీబీ క్రిములు ఈ మందులతో లేవవచ్చు. ఛాతీ ఎక్స్‌రే, మాంటూ అనే టీబీ చర్మపరీక్ష లేదా దానికి సమానమైన రక్తపరీక్ష, హెపటైటిస్ బి, సి పరీక్షలు, రక్తకణాల లెక్క, కొవ్వు, కాలేయం చూడకుండా మొదలుపెట్టకూడదు. ఇవేవీ అడగకుండా చీటీ రాసిస్తే ఆ మాత్రలు కొనకండి, వేరే డాక్టరును చూడండి.

మందుల పరీక్షలో చేరమంటున్నారు. చేరవచ్చా?

చేరవచ్చు, అడగవలసినవన్నీ అడిగాక. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ మొదలుకాకముందే సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఆ నంబరు అడిగి వెబ్‌సైట్‌లో చూసుకోండి. అంగీకారపత్రం మీకు అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో ఇవ్వాలి. దాన్ని ఇంటికి తెచ్చుకుని, అందరికీ చూపించి, మరుసటి వారం సంతకం పెట్టే హక్కు మీకుంది. మధ్యలో కారణం చెప్పకుండా మానేయవచ్చు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. పరీక్షలో పాల్గొనడానికి మీ దగ్గరే డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి రండి.

2011లో పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను హైదరాబాదు తీసుకువెళ్లి, దేనికి సంతకం పెడుతున్నారో తెలియకుండానే మందులు ప్రయోగించారన్న ఉదంతం మనవాళ్లు మరచిపోలేదు. ఆ భయం న్యాయమైనదే. దాన్ని పోగొట్టవలసిన బాధ్యత పరిశోధకులది. అదే సమయంలో, గోధుమ, నలుపు వన్నె చర్మంలో కొత్త మందులు ఎలా పనిచేస్తాయో తెలియాలంటే మనవంటివారు సరైన పరీక్షల్లో ఉండడం కూడా అవసరం. మన చర్మం మీద తెల్లమచ్చ ఎంత ప్రస్ఫుటంగా కనిపిస్తుందో, ఆ బాధ ఎంతో ఐరోపాలో జరిగిన పరీక్షలు కొలవలేవు.

నాకు చికిత్స వద్దనిపిస్తోంది. తప్పా?

తప్పు కాదు. బొల్లి ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు. బొల్లి ఉన్నవారిలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మామూలు కంటే తక్కువని కూడా అధ్యయనాలు చూపాయి. మచ్చలకు ఎండ తగిలి కమలకుండా సన్‌స్క్రీన్ రాసుకుంటే చాలు. జుట్టు లేకుండా హాయిగా తిరిగేవారూ, విగ్గు పెట్టుకునేవారూ ఇద్దరూ సరైనవారే. ఒక్కటి మాత్రం చూసుకోండి: ‘వద్దు’ అన్నది మీ మాటా, లేక పాతమందులతో విసిగిపోయి అన్న మాటా? రెండోదైతే ఒకసారి కొత్తగా చూపించుకోవడం మంచిది. నిద్ర పట్టకపోయినా, బడికో కాలేజీకో వెళ్లనని పిల్లలు మొండికేసినా అది కూడా డాక్టరుకు చెప్పవలసిన లక్షణమే.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఏమి తీసుకెళ్లాలి?

ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని వెళ్లండి. పేరు లేని డబ్బాలోని మందు కూడా. అందులో స్టెరాయిడ్ ఉందేమో డాక్టరు ఊహించగలరు. మచ్చలను ఒకే గదిలో, ఒకే వెలుతురులో, పక్కన రూపాయి బిళ్ల పెట్టి నెలకొకసారి ఫొటో తీసి ఉంచండి. మచ్చ పాకుతోందా, ఆగిందా అన్నది జ్ఞాపకం కంటే ఆ ఫొటోలు కచ్చితంగా చెబుతాయి. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్, మధుమేహం, కీళ్లవాతం, బొల్లి ఉన్నాయేమో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. వాడే తలరంగు, స్టిక్కరు బొట్టు, చేసే పనిలో చేతికి తగిలే రబ్బరు, జిగురు, రసాయనాల పేర్లు కూడా. ముఖానికి పౌడరు, కాళ్లకు నెయిల్ పాలిష్ లేకుండా వెళ్లండి, గోళ్లు కూడా చూడాలి.